పెద్దయ్యాక చూస్తే హోమ్ అలోన్ అమ్మ సినిమా

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం... ఒడిశా బోర్డర్ మీదున్న ఈ ఊళ్ల తెలుగు ఇళ్లలో డిసెంబర్ వచ్చిందంటే సెమీ క్రిస్మస్‌లు, గుమ్మానికి కాగితం స్టార్, రాత్రిపూట వీధుల్లో క్యారల్స్ బ్యాచ్‌లు, వంటింట్లో అరిసెల పాకం, వీటి మధ్య ఏదో ఒక సాయంత్రం టీవీలో హోమ్ అలోన్. కేబుల్ కొత్తగా వచ్చిన రోజుల్లో ఇంగ్లిష్ ఒక్క ముక్క రాకపోయినా పిల్లలంతా నేల మీద బైఠాయించి చూసేసిన సినిమా ఇది, ఎందుకంటే దీన్ని ఎంజాయ్ చెయ్యడానికి భాష అక్కర్లేదు, దొంగ మెట్ల మీద జారతాడు, మొహానికి పెయింట్ డబ్బా తగులుతుంది, నవ్వొస్తుంది, అంతే. ఆ పిల్లలే ఇప్పుడు నలభైకి అటూ ఇటూగా ఉన్నారు, తమ గుంటల్ని పక్కన కూర్చోబెట్టుకుని అదే సినిమా ఓటీటీలో పెడుతున్నారు. గుంటలు వాళ్లు నవ్విన చోటే నవ్వుతున్నారు. పెద్దవాళ్ల కళ్లు మాత్రం పిల్లాడి మీద నుంచి జరిగి వాళ్లమ్మ మీదకి పోతున్నాయి, అది దాదాపు అందరికీ జరిగే విషయమే, కానీ ఎందుకు జరుగుతుందో సినిమా కట్టిన తీరులోనే సమాధానం ఉంది.

ముందు కొన్ని సంగతులు. పండక్కి పారిస్ వెళ్లే హడావుడిలో ఇంటివాళ్లు ఒక పిల్లాణ్ణి ఇంట్లోనే మర్చిపోతారు, ఆ ఇంటి మీదకొచ్చిన ఇద్దరు దొంగల్ని వాడు ఉచ్చులు పెట్టి ఎదుర్కొంటాడు, ఈ అమెరికన్ సినిమా కథ అదే. సినిమా 1990 నవంబర్‌లో వచ్చింది. రాసి, నిర్మించింది జాన్ హ్యూస్, డైరెక్టర్ క్రిస్ కొలంబస్, మ్యూజిక్ జాన్ విలియమ్స్. మొదట వార్నర్ బ్రదర్స్ చేతిలో ఉన్న ప్రాజెక్టు, బడ్జెట్ దగ్గర తేడా వచ్చి వాళ్లు వదిలేస్తే ట్వెంటియెత్ సెంచరీ ఫాక్స్ తీసుకుంది, 18 మిలియన్ డాలర్లతో తీసిన సినిమా ప్రపంచం మొత్తం మీద 470 మిలియన్ల పైన వసూలు చేసింది. ఎనిమిదేళ్ల కెవిన్‌గా మెకాలే కల్కిన్, తల్లి కేట్‌గా కేథరిన్ ఓహారా, తండ్రి పీటర్‌గా జాన్ హర్డ్, దొంగలుగా జో పెషి, డేనియల్ స్టర్న్. కథ జరిగేది షికాగో పక్కన బాగా డబ్బున్నవాళ్లుండే ఏరియాలో, ఆ ఇల్లు ఇప్పటికీ విన్నెట్కా అనే ఊళ్లో ఉంది. సినిమా నిడివి గంటా నలభై నిమిషాలు దాటుతుంది, అందులో అందరికీ గుర్తున్న ఆ ఉచ్చులూ దెబ్బలూ చివరి అరగంటలోనే వస్తాయి. మరి మిగతా గంటకి పైగా ఏం నడుస్తోంది అనేది చిన్నప్పుడు ఎవరికీ గుర్తుండదు. అసలు సినిమా అంతా అక్కడే ఉంది.

ఇంట్లో పదిహేను మంది, తెల్లారితే పారిస్ ఫ్లైటు. పీటర్ అన్నకో తమ్ముడికో పారిస్ ట్రాన్స్‌ఫర్ అయింది, అందర్నీ వదిలి దూరంగా ఉండలేక పండక్కి అందర్నీ తన ఖర్చుతో అక్కడికి రమ్మన్నాడు, ఈ విషయం కేట్ ఒక్క మాటలో చెప్పేసి వెళ్లిపోతుంది, చిన్నప్పుడు వినపడనే వినపడదు. ట్రాన్స్‌ఫర్ మీద దూరం పోయినోడికి పండక్కి ఇల్లు నిండుగా కావాలనిపించడం ఎలా ఉంటుందో ఇక్కడ చెప్పక్కర్లేదు. సరే, ముందురోజు రాత్రి పిజ్జాలు వస్తాయి, బిల్లు 122 డాలర్ల 50 సెంట్లు, చిన్నాన్న ఫ్రాంక్ జేబులోంచి చెయ్యి తియ్యడు, కెవిన్‌కి కావాల్సిన చీజ్ పిజ్జా అన్న బజ్ తినేసి వెక్కిరిస్తాడు, గుంటడు కోపంతో అన్నని తోస్తాడు, పాలు ఒలుకుతాయి. ఆ పాలు తుడిచే హడావుడిలో కెవిన్ టికెట్ కూడా తడిసిన కాగితాలతో పాటు చెత్తలోకి పోతుంది. రాత్రి గాలికి కొమ్మ విరిగి కరెంటు లైన్ మీద పడుతుంది, అలారాలు పోతాయి, పొద్దున్న లేటుగా లేచి అందరూ పరుగు. వ్యాన్ దగ్గర పిల్లల్ని లెక్కపెట్టే అమ్మాయి పక్కింటి పిల్లాడి తలని కూడా కలిపేసి లెక్క సరిపోయిందనుకుంటుంది. ఎయిర్‌పోర్టులో పరుగు, పెద్దవాళ్లు ఫస్ట్ క్లాసులో, పిల్లలు వెనక, ఎవరి పక్కన ఎవరున్నారో చూసే తీరిక లేదు.

ఇక్కడ గమనించాల్సిందేంటంటే ఇందులో ఏ ఒక్కరూ చెడ్డవాళ్లు కాదు, ఏ ఒక్క తప్పూ పెద్దది కాదు. ఐదారు చిన్న చిన్న పొరపాట్లు వరసగా పేర్చి, ఒక్కోటీ ఏ ఇంట్లోనైనా జరిగేలా చూసుకుని, అన్నీ కలిస్తే పిల్లాడు మిగిలిపోయేలా హ్యూస్ రాశాడు. చిన్నప్పుడు ఇదంతా ఎప్పుడయిపోతుందా దొంగలెప్పుడొస్తారా అనిపిస్తుంది, ఇద్దరు పిల్లల్ని తీసుకుని ఒక్కసారైనా పెళ్లికో జాతరకో ఇరవై మందితో జీపు మాట్లాడుకుని వెళ్లిన వాళ్లకి మాత్రం ఈ పదిహేను నిమిషాలూ గుండె దడే, ఎందుకంటే మావోడు మీ బండిలో ఉన్నాడనుకున్నాం, లేదే మీ బండిలోనే ఎక్కాడనుకున్నాం అనే మాట ఈ ప్రాంతంలో ప్రతి పెద్ద కుటుంబంలో ఎప్పుడో ఒకప్పుడు వినపడిందే. ఎక్కువమంది పెద్దవాళ్లు ఉన్న చోట పిల్లల మీద ఎక్కువ కళ్లు ఉంటాయని మనం అనుకుంటాం, నిజానికి ఎవరో ఒకరు చూస్తున్నార్లే అని అందరూ అనుకోవడం వల్ల ఒక్కోసారి ఎవరూ చూడరు.

ఫోన్ సంగతి కూడా చెప్పుకోవాలి. కరెంటు వెంటనే వచ్చేస్తుంది కానీ ఫోన్ లైన్లు బాగవ్వడానికి పండగ సెలవుల వల్ల ఒకట్రెండు రోజులు పడుతుందని సినిమాలో చెప్తారు, అందుకే పారిస్ నుంచి తల్లి ఇంటికి ఫోన్ చెయ్యలేకపోతుంది. ఇది కథ కోసం పెట్టుకున్న సాకు అని చాలామంది కొట్టిపారేస్తారు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను చూసిన గజపతి జిల్లా వాళ్లు అలా అనరు. పలాస దగ్గర తీరం దాటి ఇటు కొండల్లోకి వచ్చి కురిసిన ఆ వానకి స్తంభాలు పడిపోయి, కొండచరియలు విరిగి, కరెంటు లేక, సెల్ టవర్లు లేక, హైదరాబాదులోనో సూరత్‌లోనో ఉన్నోళ్లు ఇక్కడ తల్లిదండ్రులు ఎలా ఉన్నారో తెలీక రోజుల తరబడి అల్లాడిపోయారు. అంతకుముందు 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు బరంపురం వైపు, 2014లో హుద్‌హుద్‌కి విశాఖ వైపు ఇదే పరిస్థితి. కేట్ పారిస్‌లో రిసీవర్ పట్టుకుని ఒకళ్లు ఇంకొకళ్లకి కనెక్ట్ చేస్తుంటే పిచ్చెక్కిపోయే సీన్ ఉంటుంది, విన్నెట్కా పోలీసులు ఈ డిపార్ట్‌మెంటు కాదు ఆ డిపార్ట్‌మెంటు అని తిప్పుతారు, చివరికి ఒకాయన ఇంటికెళ్లి తలుపు కొడతాడు, కెవిన్ భయపడి మంచం కింద దూరి ఉంటాడు, లోపల ఎవరూ లేరు, వాళ్ల పిల్లల్ని ఇంకోసారి లెక్కపెట్టుకోమనండి అని కబురు పంపేస్తాడు. చిన్నప్పుడది కామెడీ. అవతల మన మనిషి ఉన్నాడని మనకి తెలుసు, వెళ్లి చూసొచ్చిన వాడు ఎవరూ లేరంటున్నాడు, ఆ స్థితిని ఒక్కసారి అనుభవించినవాళ్లకి అందులో కామెడీ దొరకడం కష్టం.

ఇంతకీ కేట్‌ని అంతలా తరుముతున్నది ఏంటి? పిల్లాడు ఒంటరిగా ఉన్నాడన్న భయం ఒకటే కాదు. పిజ్జా గొడవ తర్వాత కెవిన్‌ని మేడ మీద గదికి తీసుకెళ్తూ ఉంటే వాడు మీలో ఎవర్నీ జీవితంలో మళ్లీ చూడాలని లేదంటాడు. ఎనిమిదేళ్ల పిల్లలు కోపంలో అనే మాటే. తల్లి దానికి, రేప్పొద్దున్న లేచేసరికి నిజంగానే ఇంట్లో ఎవరూ లేకపోతే ఏడుస్తావు అంటుంది, వాడు ఏడవనంటాడు, అయితే ఇంకోసారి అను, జరుగుద్దేమో అని ఆవిడే రెచ్చగొడుతుంది. వాడు మళ్లీ అంటాడు. తలుపు వేసుకుంటుంది. చిన్నప్పుడు ఈ సీన్‌లో మనం కెవిన్ పక్షం, తప్పు బజ్‌ది అయితే శిక్ష వీడికా అన్న మంట. పెద్దయ్యాక చెవిలో పడేది మాత్రం ఆ తల్లి మాట. రాత్రి పదిన్నరకి, రేపు ప్రయాణం పెట్టుకుని, ఇంటినిండా చుట్టాలుండి, ఓపిక పూర్తిగా అయిపోయి పిల్లల్ని ఒక మాట అనేసి, పొద్దున్నే సర్దుకుందాంలే అనుకోని తల్లీ తండ్రీ ఉంటారా. కాలు జారితే తీసుకోవచ్చు గానీ మాట జారితే తీసుకోలేం అని ఊరికే అన్లేదు. కేట్‌కి పొద్దున్న సర్దుకునే చాన్సే రాలేదు. విమానంలో ఏదో మర్చిపోయాం అని సతమతమవుతూ కాఫీ మెషిన్ ఆపానా, తాళం వేశానా అని ఒక్కోటీ గుర్తుచేసుకుంటుంటే, గరాజ్ తలుపు వెయ్యలేదేమోనని పీటర్ అంటాడు, అదే అయ్యుంటుందని కాస్త కుదుటపడబోయి అది కాదని తెలిసి పేరు పెట్టి అరుస్తుంది చూడండి, ఆ అరుపులో పిల్లాడు ఇంట్లో ఉండిపోయాడన్నదానికంటే నేనే అన్నాను కదా అన్నది ఎక్కువ వినపడుతుంది. కేథరిన్ ఓహారా కామెడీ నటి అని పేరు, ఈ పాత్రని ఆవిడ ఒక్క క్షణం కూడా కామెడీగా చెయ్యలేదు, సినిమా నిలబడిందే దానివల్ల.

తర్వాత ఆవిడ ప్రయాణం. పారిస్‌లో షికాగోకి సీట్లు లేవు, కుటుంబం మొత్తం శుక్రవారం ఫ్లైటు దాకా ఆగుదామంటుంది, ఆవిడ ఆగనంటుంది. ఎయిర్‌పోర్టులో క్యూలో నిలబడ్డ ఒక ముసలి జంటని బతిమాలి, డబ్బులూ చెవి రింగులూ వాచీ అన్నీ ఇచ్చి వాళ్ల సీటు సంపాదిస్తుంది, డల్లాస్‌లో దిగుతుంది, అక్కణ్ణుంచి స్క్రాంటన్, అక్కడ ఇంక ఏ ఫ్లైటూ లేదు, షికాగో ఇంకా వెయ్యి కిలోమీటర్ల పైనే ఉంది. కౌంటర్ దగ్గర ఆవిడ నిస్సహాయంగా అరుస్తుంటే వెనక నిలబడ్డ ఒక పోల్కా బ్యాండ్ లీడర్, జాన్ కాండీ వేసిన గస్ పొలిన్‌స్కీ, మేమూ అటే వెళ్తున్నాం అద్దె వ్యాన్‌లో రండి అంటాడు. పెద్ద స్టార్ అయిన కాండీ ఆ పాత్ర మొత్తం ఒక్క రోజులో షూటింగ్ చేసేశాడు. పాటలు వాయించుకుంటున్న తెలీని మగాళ్ల మధ్య, చలిలో, వ్యాన్ వెనక కూర్చుని ఆవిడ నేను చెడ్డ తల్లిని అంటుంది. గస్ ఆవిణ్ణి ఓదార్చడానికి తను ఒకసారి కొడుకుని శవాలుంచే చోట రోజంతా మర్చిపోయిన కథ చెప్తాడు, ఆరేడు వారాలకి మళ్లీ మాట్లాడాడులెండి అంటాడు.

డిసెంబర్ 22, 23 తేదీల్లో హౌరా చెన్నై లైన్ మీద నడిచే ఏ రైలు జనరల్ బోగీ ఎక్కినా ఈ ప్రయాణం కనపడుతుంది. తత్కాల్ దొరక్క, వెయిటింగ్ లిస్టు కన్ఫర్మ్ అవ్వక, ఒకచోట దిగి ఇంకోటి పట్టుకుని, పలాసలోనో నౌపడాలోనో తెల్లవారుజామున దిగి, గుణుపురం బండి టైమ్ కాకపోతే ఆటో మాట్లాడుకుని, నోట్లు జేబులోంచి తీసి లెక్కచూసుకోకుండా ఇచ్చేసి ఇంటికి చేరేవాళ్లు. సూరత్ మగ్గాల మీద పనిచేసే గంజాం జిల్లా వాళ్లు, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పనిచేసే ఆడవాళ్లు, పిల్లల్ని మామ్మ దగ్గరో పెద్దమ్మ దగ్గరో ఉంచి వెళ్లినోళ్లు. కేట్ చెవి రింగులు తీసిచ్చే సీన్ వీళ్లకి అతిగా అనిపించదు, మామూలుగానే అనిపిస్తుంది.

అయితే ఈ ప్రయాణంలో స్క్రిప్టు చేసిన అతి గొప్ప పని చివర్లో ఉంది, చాలామంది దాన్ని ఒక జోక్‌గా దాటేస్తారు. క్రిస్మస్ పొద్దున్న కేట్ ఇంటికి చేరుతుంది, కెవిన్‌కి సారీ చెప్తుంది, కావలించుకుంటారు. కొద్ది నిమిషాల్లో తలుపు తెరుచుకుని భర్తా మిగతా పిల్లలూ అందరూ దిగుతారు, ఎలా వచ్చారంటే నువ్వు ఆగనన్నావు చూడు, ఆ శుక్రవారం ఫ్లైటుకే అంటారు. అంటే అన్ని గంటలు నిద్ర లేకుండా, రింగులు పోగొట్టుకుని, వ్యాన్‌లో పడొచ్చి ఆవిడ మిగుల్చుకున్నది నిమిషాలు. లెక్క ప్రకారం ఆ ప్రయాణం వేస్టు, పీటరే కరెక్టు. కానీ ఆ కొద్ది నిమిషాలు ఆవిడకి కావాలి, కెవిన్‌కి అంతకంటే కావాలి, గుంపుతో కలిసి రావడం వేరు, వాడి కోసమే ఒకరు ముందు రావడం వేరు. ఆ మాట అన్నది ఆవిడ, వెనక్కి తీసుకోవాల్సిందీ ఆవిడే, అది ఇంటిల్లిపాది మధ్యలో కుదరదు. పీటర్‌ని సినిమా తిట్టదు, ఆయన మిగతా పిల్లల్ని చూసుకోవాలి, అదీ న్యాయమే. కాకపోతే పారిస్ హోటల్లోనో ఇంట్లోనో కూర్చుని ఆగడం తండ్రికి సాధ్యమైంది, తల్లికి కాలేదు, ఎక్కడైనా ఎక్కువ ఇళ్లలో ఈ పని పంపకం ఇలాగే ఉంటుందని పెళ్లయిన పదేళ్ల తర్వాత చూస్తే తెలుస్తుంది.

ఇదే తీగ పక్కింటి ముసలాయన మార్లీ దాకా పాకింది. మొదట్లో ఆయన్ని పార పట్టుకుని మంచు తీసే హంతకుడు అని పిల్లలు చెప్పుకుంటారు. క్రిస్మస్ ముందురోజు రాత్రి చర్చిలో కెవిన్ పక్కన వచ్చి కూర్చుంటాడు. మనవరాలు క్వైర్‌లో పాడుతోంది, ఆ ప్రాక్టీస్ వినడానికొచ్చాడు, అసలు ప్రోగ్రామ్‌కి రాలేడు, కొడుకు రానివ్వడు. ఏళ్ల క్రితం ఇద్దరికీ కోపాలొచ్చి ఒకళ్ల మొహం ఒకళ్లం చూడం అనుకున్నారు, అక్కడితో ఆగిపోయింది. కెవిన్ పిజ్జా రాత్రి అన్న మాటే ఇది. ఎనిమిదేళ్ల పిల్లాడు అంటే మూడ్రోజుల్లో తీరిపోయింది, పెద్దవాళ్లు అంటే ఏళ్లు పట్టింది. ఈ పాత్ర హ్యూస్ మొదటి స్క్రిప్టులో లేదు, కొలంబస్ కలిపించాడు, ఆ ఒక్క నిర్ణయంతో సినిమా స్థాయి మారిపోయింది, లేకపోతే ఇది మంచి దొంగల కామెడీగా మిగిలేది. ఫోన్ చెయ్యొచ్చు కదా అని కెవిన్ అడిగితే కొడుకు మాట్లాడకపోతే అన్న భయం అంటాడు, ఈ వయసులో కూడా భయమా అంటే చాలా వాటికి వయసు దాటిపోతుంది గానీ భయపడ్డానికి వయసు దాటదంటాడు.

ఈ బోర్డర్ ఊళ్లలో చర్చిలు పాతవి. కొరాపుట్, జయపురం వైపు జర్మనీ లూథరన్ మిషనరీలు 1882 నుంచి ఉన్నారు, పర్లాకిమిడి, సవర కొండల వైపు కెనడా బాప్టిస్టులు పనిచేశారు. ఒకే ఊళ్లో తెలుగు, ఒడియా, సవర భాషల్లో పాటలు ప్రాక్టీస్ చేస్తారు, వెనక బెంచీల్లో తాతలూ మామ్మలూ కూర్చుని వింటూ ఉంటారు, వాళ్లలో ఇంటి వాటా దగ్గరో, పొలం గట్టు దగ్గరో, పిల్లాడు చేసుకున్న పెళ్లి దగ్గరో కొడుకుతో మాటలు ఆగిపోయినవాళ్లు తప్పకుండా ఉంటారు. చిన్నప్పుడు ఈ చర్చి సీన్ వస్తే పిల్లలు లేచి మంచినీళ్లకి వెళ్లేవాళ్లు. ఇప్పుడు అదే సీన్‌కి పెద్దవాళ్లు కదలకుండా కూర్చుంటున్నారు.

ఉచ్చుల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పెద్దయ్యాక నవ్వు కాస్త తగ్గుతుంది, అరికాల్లో గాజు గుచ్చుకోవడం, మొహం మీద ఇస్త్రీ పెట్టె పడటం చూస్తే ఒళ్లు జలదరిస్తుంది, ఆ పడిపోవడాలన్నీ గ్రాఫిక్స్ కాదు, స్టంట్ మనుషులు నిజంగా పడ్డవే. చివరికి ఉచ్చులన్నీ అయిపోయి కెవిన్ దొరికిపోతే కాపాడేది మళ్లీ ఆ మార్లీయే, మంచు పారతోనే, కాబట్టి పిల్లాడు ఒక్కడే గెలిచాడన్న మన చిన్ననాటి జ్ఞాపకం సగమే నిజం.

వాటికంటే ఆ పిల్లాడి ఇంటి పనులు గట్టిగా తగులుతాయి. మొదట ఐస్‌క్రీమ్, మంచం మీద గెంతులు, తర్వాత మెల్లగా సామాన్ల కొట్టు, 19 డాలర్ల 83 సెంట్ల బిల్లు, కూపన్ తీసి ఇవ్వడం, బట్టలు ఉతుక్కోవడం, సెల్లార్‌లో ఇల్లు వేడిచేసే ఫర్నేస్ అంటే ఉన్న భయాన్ని తనే నోరుమూసుకోమని గద్దించడం. ప్లాస్టిక్ కవర్లు తెగి సామాన్లు రోడ్డు మీద పడితే తీసిపెట్టేవాళ్లు ఎవరూ ఉండరు. అమ్మానాన్న వలసపోతే మామ్మ దగ్గర పెరిగే పిల్లలు రేషన్ కార్డు పట్టుకుని లైన్లో నిలబడటం, చెల్లికి జడలెయ్యడం, ఫోన్‌లో అమ్మకి అంతా బాగానే ఉందనడం చూసినవాళ్లకి కెవిన్ తెలివి చూసి ముచ్చట ఒకటే వెయ్యదు, ఇంత త్వరగా నేర్చుకోవాల్సి వచ్చిందే అని బాధ కూడా వేస్తుంది. అందుకే చివర్లో ఇంకో చిన్న విషయం కదిలిస్తుంది. ఇల్లంతా సర్దేసి ఉంది, మేం లేనప్పుడు ఇంకేం చేశావ్ అని అడుగుతారు, ఏం లేదు, ఊరికే ఉన్నాను అంటాడు. దొంగల సంగతి చెప్పడు. తండ్రికి నేల మీద దొంగ బంగారు పన్ను దొరుకుతుంది, అదేంటో ఆయనకి అర్థం కాదు. మూడు రోజుల్లో పిల్లాడి మీద ఏమేం గడిచాయో ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు, సినిమా కూడా తెలియనివ్వలేదు, అది సరైన నిర్ణయం.

కేట్ చెప్పిన ఆ సారీ విలువని మాత్రం 1992లో వచ్చిన రెండో భాగం పాడుచేసింది. డైరెక్టరూ, రచయితా, నటులూ దాదాపు అందరూ వాళ్లే, ఈసారి ఎయిర్‌పోర్టులో తప్పిపోయి కెవిన్ న్యూయార్క్ చేరతాడు, మళ్లీ అదే తల్లి, మళ్లీ అదే అరుపు, స్పృహ తప్పి పడిపోతుంది. పిల్లలకి అదీ ఇష్టమే, దెబ్బలు ఇంకా ఎక్కువ, ఊరు ఇంకా పెద్దది. పెద్దవాళ్లకి మాత్రం మొదటిసారి నమ్మిన క్షమాపణ మీద అనుమానం వస్తుంది, అంత దూరం పరిగెత్తి వచ్చిన మనిషి ఒక్క ఏడాదిలో మళ్లీ లెక్క తప్పుతుందా అని. అందుకే పిల్లలతో కూర్చుని చూసేటప్పుడు మొదటిది చివరిదాకా చూసే పెద్దవాళ్లే రెండోది మొదలవగానే లేచి వంటింట్లోకి వెళ్లిపోతున్నారు, పిల్లలు వాళ్లంతట వాళ్లు చూసుకుంటున్నారు.